తాతల రాత మనవలు చదవలేకపోతున్నారు: కలిపిరాత, గొలుసుకట్టు మీద ఒక చర్చ

కొత్తపేట మాస్టారు

అందరికీ నమస్కారమండి. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. కొన్నేళ్లుగా తరగతిలో చూస్తున్న సంగతి ఒకటి మీ ముందు పెడదామనిపించింది.

బోర్డు మీద నేను కలిపి రాస్తే ముందు బెంచీ పిల్లలు కూడా "సార్, విడివిడిగా రాయండి, చదవలేకపోతున్నాం" అంటున్నారు. రాయడం రాదంటే సర్దుకోవచ్చు. అసలు చదవడమే రావట్లేదు. ముఖ్యంగా చిన్న ఆర్, ఎస్, ఎఫ్, జెడ్ దగ్గర ఆగిపోతారు. ఆ నాలుగూ కలిపిరాతలో ఒకలా ఉంటాయి, పుస్తకం అచ్చులో ఇంకోలా ఉంటాయి. మేం చదువుకున్న రోజుల్లో నాలుగు గీతల కాపీ పుస్తకం ఉండేది, రోజుకో పేజీ చూచిరాత రాయాల్సిందే. ఇప్పుడూ ఆ పుస్తకం కొనిపిస్తున్నారు గానీ రెండో తరగతితో సరి. ఆ తర్వాత పిల్లవాడు ఎలా రాస్తున్నాడో పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. సిలబస్ టెన్షన్ ఒకటి, పరీక్షల టెన్షన్ ఒకటి.

తెలుగు సంగతి ఇంకా ఘోరం. ఇంగ్లీషు కలిపిరాతని కనీసం ఒకప్పుడు బళ్లో నేర్పారు. మన గొలుసుకట్టు, అంటే తెలుగు కలిపిరాత, బళ్లో నేర్పిందే కాదు. ఇంట్లోనో, సర్కారు కచేరీలోనో, పెద్దవాళ్ల పక్కన కూర్చుని పట్టుకున్న విద్య అది. పక్కన కూర్చునేవాళ్లు లేకపోయేసరికి ఆగిపోయింది. మీ మీ ఇళ్లలో సంగతేమిటో చెప్పండి. దీనికోసం చేయగలిగింది ఏమైనా ఉందా?

బీటెక్ కాకినాడ

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇది పోతే నష్టమేంటండి? ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, 2017 నుంచి కంప్యూటర్ మీదే రాస్తున్నాం. ఉద్యోగంలో చేరాక పెన్ను పట్టుకునే పనే ఉండదు. ఫోన్‌లో మాట్లాడితే తెలుగు అదే టైప్ అయిపోతోంది. చేత్తో రాయాలనుకున్నా 2015లోనే గూగుల్ వాళ్లు వేలితో గీస్తే అక్షరం గుర్తుపట్టే కీబోర్డు తెచ్చారు. సెమిస్టర్ పరీక్షలకి చేత్తో రాస్తున్న మాట నిజమే, కానీ అక్కడ దిద్దేవాళ్లకి అర్థమైతే చాలు. విడివిడిగా రాస్తేనే వాళ్లకి సుఖం.

రాజమండ్రి పాళీ

తమ్ముడూ, కంప్యూటర్ మీదకి నెట్టేయడానికి ముందు ఒక్క మాట. కలిపిరాతకి మొదటి దెబ్బ కంప్యూటర్ కొట్టలేదు, బాల్‌పెన్ను కొట్టింది.

ఇంకు పెన్ను పాళీ కాగితాన్ని ఆనితే చాలు, సిరా దిగుతుంది. నొక్కక్కర్లేదు. పాళీ ఎత్తి పెట్టిన ప్రతిచోటా చుక్క పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఎత్తకుండా లాక్కుపోవడమే మేలు. కలిపిరాతకి అది బాగా నప్పింది. బాల్‌పెన్నులో చిక్కటి సిరా, కొసన తిరిగే గుండు. నొక్కితే గానీ రాదు. నొక్కి రాసేవాడికి రెండు పేజీలయ్యేసరికి బొటనవేలు లాగేస్తుంది, కాస్త ఆగి, ఎత్తి, మళ్లీ రాస్తాడు. అలా అక్షరాలు విడిపోయాయి. మా చిన్నప్పుడు బడిలో బాల్‌పెన్ను పట్టుకుంటే మాస్టర్లు లాక్కునేవారు, చేతిరాత పాడైపోతుందని. మొండిపట్టు అనుకునేవాళ్లం, కానీ వాళ్ల మాటలో నిజం ఉంది.

మన ఊరి సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రిలో రత్నం పెన్నులు గాంధీగారి స్వదేశీ పిలుపు అందుకుని పుట్టినవి. ఆ పెన్ను వాడి చూసి, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులు వాడుకోవచ్చని 1935లో గాంధీగారే వార్ధా నుంచి ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని లేతు మీద తిప్పి చేత్తో చేసే పెన్నులవి. ఇప్పుడు కొంటున్నవాళ్లలో చాలామంది దాచుకోవడానికీ బహుమతి ఇవ్వడానికీ కొంటున్నారు. రోజూ రాయడానికి కొనేవాళ్లు తక్కువ.

మందుల షాపు భీమవరం

ఇక్కడ నాది వేరే అభిప్రాయం. కలిపిరాతంటే అందరూ అందమైన రాతే తలుచుకుంటున్నారు. నా కౌంటరు మీదకి వచ్చే కలిపిరాత చూడండి. మందు పేరులో మొదటి రెండక్షరాలు కనిపిస్తాయి, ఆ తర్వాత ఒక అల. పేరు దగ్గరదగ్గరగా ఉండే మందులు బోలెడు. ఒకటి బీపీకి, ఒకటి షుగరుకి. అల చూసి ఊహించి ఇవ్వలేం కదా. చీటీ పట్టుకుని ఆసుపత్రికి ఫోన్ చేస్తాం, అక్కడ ఎత్తరు, ఈ లోపు పెద్దాయన ఎండలో నిలబడి ఉంటాడు.

మందుల చీటీ స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన పెట్టింది. అర్థమయ్యేలా ఉన్న చీటీ అందుకోవడం రోగి ప్రాథమిక హక్కులో భాగమని 2025లో పంజాబ్ హర్యానా హైకోర్టు కూడా చెప్పింది. ప్రింటు చీటీ వచ్చిన రోజు నాకు పండగే. కాబట్టి అన్నిచోట్లా కలిపిరాత ఉండాలనకండి. ప్రాణం మీదకొచ్చే చోట విడి అక్షరాలే ఉండాలి.

కొత్తపేట మాస్టారు

భీమవరం వారూ, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా బాధ రాసే వైపు కాదు, చదివే వైపు. మందుల చీటీ ప్రింటులో రావాలి, సందేహం లేదు. కానీ ఇప్పటికే రాసిపెట్టి ఉన్న కాగితాలు ప్రింటులోకి మారిపోవు కదా.

లేఖరి అమలాపురం

మాస్టారికీ మిగతా పెద్దలకీ నమస్కారం. దస్తావేజు లేఖరిగా బతికినవాణ్ణి. ఇప్పుడు పని మానేశాను, కానీ పాత కాగితం చదివి పెట్టమని ఇంటికొస్తూనే ఉంటారు. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయ్యాక ఇంకా ఎక్కువయ్యారు. ట్రంకు పెట్టెల అడుగున ఉన్నవన్నీ బయటికి తీశారు. తీసి చూస్తే చదివే మనిషి ఇంట్లో లేడు.

గొలుసుకట్టు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. కలం ఎత్తకుండా ఒక అక్షరం కొస నుంచి రెండో అక్షరం మొదటికి గీత లాగుతూ పోవడం. బుట్ట అల్లినట్టు ఒకదాంట్లోంచి ఒకటి వస్తుంది. తలకట్టు విడిగా పెట్టరు, పైకి లేచిన గీతే తలకట్టు అవుతుంది, అదే పక్క అక్షరంలోకి దిగిపోతుంది. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. చుక్క, కామా ఉండవు. ప, వ, మ, య ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. ఏది ఏదో పక్క అక్షరాన్ని బట్టీ మాట అర్థాన్ని బట్టీ తెలుసుకోవాలి. వేగం కోసం పుట్టిన రాత. కరణంగారు ఊరందరి శిస్తులూ అడంగల్లో ఎక్కించాలంటే అచ్చులా రాస్తూ కూర్చుంటే తెల్లారిపోతుంది.

కరణీకాలు 1984 జనవరిలో రద్దయ్యాయి. మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు, వంశపారంపర్యంగా ఒక ఇంటికే ఊరి లెక్కలు కట్టబెట్టడం పోవాల్సిందేనని నేనూ అంటాను. అయితే ఆ పనితోపాటు ఆ రాత చదివే అలవాటు కూడా పోయింది. కొడుకులు వేరే ఉద్యోగాల్లోకి వెళ్లారు. తర్వాత 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు ప్రతి దస్తావేజునీ ఆఫీసులో ఒకరు కూర్చుని రిజిస్టరు పుస్తకంలో చేత్తో నకలు రాసేవారు. ఆ నకళ్లు రాసినవాళ్లకి ఎంత ముడి రాతైనా చదవడం వచ్చు. వాళ్లూ రిటైరైపోయారు.

పాత దస్తావేజు చేతిలో పట్టుకుని భయపడేవాళ్లకి నా పద్ధతి చెబుతాను, పనికొస్తుంది.

మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టకండి. చివరికి వెళ్లండి. హద్దులు రాసిన చోటు వెతకండి, మా వైపు చెక్కుబందీ అంటాం. అక్కడ తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న నాలుగు మాటలూ తప్పకుండా ఉంటాయి. ఒక్కటి దొరికితే మిగతా మూడూ దగ్గర్లోనే ఉంటాయి. ఆ నాలుగు మాటల్లోనే త, ద, ప, డ, మ, ర, ణ, క్ష వచ్చేశాయి. రాసినాయన ఆ అక్షరాలు ఎలా తిప్పుతాడో మీకు దొరికిపోయినట్టే. ఆ తర్వాత "సదరు", "వగైరా", "కాలువ", "పుంత", "చెరువు గట్టు" లాంటివి చూడండి. మన డెల్టాలో కాలువో బోదో హద్దు కాని చేను అరుదు. ఆ పైన మొదటికి రండి. "ఇందుమూలముగా", "వ్రాయించి ఇచ్చిన", "శుద్ధ క్రయ దస్తావేజు" లాంటి కట్టు మాటలు ప్రతి కాగితంలోనూ ఒకటే. వాటిని ఒకసారి పట్టుకుంటే కాగితంలో సగం చదివేసినట్టే. మిగిలేవి పేర్లూ అంకెలూ.

అప్పటికీ తేలకపోతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టండి. అది వేరే చేతి రాత. మీ దగ్గరున్నదీ నకలూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకదాంట్లో మూసుకుపోయిన మాట ఇంకోదాంట్లో తెరుచుకుంటుంది.

పాలకొల్లు డీటీపీ

ఆయ్, లేఖరిగారూ, చెక్కుబందీ కిటుకు అద్భుతంగా ఉందండి. ఇది ప్రింటు తీసి షాపులో అంటిస్తాను.

రాజోలు నుంచి కాలిఫోర్నియా

మా పాప ఇక్కడ నాలుగో తరగతి. అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ అనే బడి చదువుల ప్రమాణాల్లో కలిపిరాత లేదు, చాలా రాష్ట్రాలు వదిలేశాయి. ఫిన్లాండు కూడా 2016లో తప్పనిసరి కాకుండా చేసింది. అయితే కాలిఫోర్నియా వాళ్లు 2023లో చట్టం చేసి, 1 నుంచి 6 తరగతుల పిల్లలకి మళ్లీ నేర్పిస్తున్నారు. దాంతో మా పాపకి ఇప్పుడు ఇంగ్లీషు కలిపిరాత వచ్చు.

ఎందుకు మళ్లీ పెట్టారని వాళ్ల టీచర్ని అడిగాను. పిల్లలు సొంత దేశపు పాత కాగితాలు చదవలేకపోతున్నారన్నది ఒక కారణమని చెప్పింది. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ అయితే పాత చేతిరాత కాగితాలు చదివి టైపు చేయడానికి వాలంటీర్లని పిలుస్తోంది. కలిపిరాత చదవగలిగితే రండి అంటోంది. 250 ఏళ్ల కిందటి సైనికుల పింఛను కాగితాలు కూడా అందులో ఉన్నాయి.

నా బాధంతా తెలుగు గురించే. మా అమ్మమ్మ రాజోలు నుంచి రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు నా దగ్గర కట్టగా ఉన్నాయి. జాగా అయిపోతే మడత అంచుల మీద, చిరునామా పక్కన నిలువుగా కూడా రాసేది. పాపకి తెలుగు అక్షరాలు వచ్చు, తన పుస్తకం చదువుకుంటుంది. ఈ ఉత్తరం చేతికిస్తే ఒక్క మాట చదవలేదు. నేనే పైకి చదివి వినిపిస్తున్నాను. నా తర్వాత వీటిని చదివేదెవరు అని దిగులుగా ఉంటుంది.

కొత్తపేట మాస్టారు

అమ్మా, చదివి వినిపించేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేయండి. ఉత్తరం ఫొటో, మీ గొంతు ఒకచోట ఉంచండి. పాప పెద్దయ్యాక వింటూ ఉత్తరం మీద వేలు పెట్టి చూసుకుంటే చాలు, ఆ రాత దానంతటదే వచ్చేస్తుంది.

పరిశోధనల గురించి కూడా ఇక్కడే చెబుతాను, వాట్సాప్‌లో రకరకాలుగా తిరుగుతున్నాయి కాబట్టి. ల్యాప్‌టాప్ మీద కంటే చేత్తో నోట్సు రాసుకున్న విద్యార్థులకి విషయం బాగా అర్థమవుతోందని 2014లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. బాగా పేరొచ్చింది. 2019లో ఇంకొందరు అదే మళ్లీ చేసి చూస్తే తేడా అంత బలంగా రాలేదు. నార్వేలో 36 మంది యూనివర్సిటీ విద్యార్థుల మెదడు తరంగాలు కొలిచి 2024లో ప్రచురించారు. డిజిటల్ పెన్నుతో కలిపి రాసినప్పుడు మెదడులో వేర్వేరు భాగాల మధ్య సంబంధం ఎక్కువగా కనిపించింది. అయితే అందులో టైపింగ్ ఒక్క వేలితో చేయించారు. రోజూ పది వేళ్లతో టైపు చేసేవాళ్ల సంగతి దాన్నిబట్టి తేల్చలేం. పైగా ఈ రెండిట్లోనూ పోల్చింది చేతిరాతనీ కీబోర్డునీ. కలిపిరాతనీ విడిరాతనీ కాదు. కాబట్టి "కలిపి రాస్తే తెలివి పెరుగుతుంది" అని పిల్లలకి నేను చెప్పను. చేత్తో రాయమని మాత్రం చెబుతాను. చదవడం నేర్చుకోమని గట్టిగా చెబుతాను.

నరసాపురం నుంచి

ఈ చర్చ చూసి ధైర్యం చేసి అడుగుతున్నాను. మా ముత్తాతగారి లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగ్గా ఉంటుంది, నిలువుగా తెరవాలి. మొదటి పేజీ పైన ౧౩౬౦ అని ఉంది. పుస్తకం చూస్తే అంత పాతదిలా లేదు, 1360లో కాగితం పుస్తకాలు ఎక్కడివి? ఉమ్మడి కొబ్బరితోట ఫలసాయం లెక్క అని నాన్నగారు అన్నారు. కింద మూడు పేర్లున్నాయి. ఒక పేరు పక్కన రెండు నిలువు గీతలు, వాటి పక్కనే ఒక అడ్డగీత. రెండో పేరు పక్కన ఒకే నిలువు గీత. మూడో పేరు పక్కన ఒకదాని కింద ఒకటి మూడు అడ్డగీతలు. నాన్నగారు పదకొండు, ఒకటి, మూడు అంటున్నారు. పదకొండు ఏమిటో తెలియట్లేదు.

లేఖరి అమలాపురం

అమ్మా, బంగారంలాంటి పుస్తకం దొరికింది. జాగ్రత్త చేసుకోండి.

ముందు సంవత్సరం. అది ఇంగ్లీషు సంవత్సరం కాదు, ఫసలీ. శిస్తుల లెక్కలన్నీ ఫసలీలోనే ఉండేవి, జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. దానికి 590 కలపండి. ౧౩౬౦ ఫసలీ అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ దాకా.

ఇక గీతలు. అవి మామూలు అంకెలు కావు, భిన్నాలు. పాతవాళ్లు ఒకటిని నాలుగు భాగాలు చేసేవారు, అందులో ఒక్కోదాన్ని మళ్లీ నాలుగు చేసేవారు. నిలువు గీత అంటే కాలు, రెండు నిలువు గీతలు అర, మూడు ముక్కాలు. అడ్డగీత అంటే వీసం, అంటే పదహారో వంతు. రెండు అడ్డగీతలు పరక, మూడు మువ్వీసం. అణాలు వాడినవాళ్లకి ఇది నోటికి వచ్చిన లెక్క, రూపాయికి 16 అణాలు కదా.

ఇప్పుడు మీ పేజీ చూద్దాం. మొదటి పేరు అర మీద వీసం, అంటే పదహారు వీసాల్లో తొమ్మిది. రెండో పేరు కాలు, అంటే నాలుగు. మూడో పేరు మువ్వీసం, అంటే మూడు. తొమ్మిదీ నాలుగూ మూడూ పదహారు. వాటాలు సరిగ్గా ఒకటికి సరిపోయాయి. చదివింది సరైనదేనని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఇది లెక్కల పుస్తకం, దస్తావేజు కాదు. పంపకాల కాగితం విడిగా ఉండి ఉంటుంది. దీన్ని పట్టుకుని చుట్టాలతో వాదన పెట్టుకోకండి.

నరసాపురం నుంచి

ఒళ్లు గగుర్పొడిచిందండి. నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన "వీసమెత్తు" అని రోజూ అంటూనే ఉంటారు, వీసం ఇలా రాస్తారని ఇప్పుడే చూశామన్నారు. అంకెల్లో కూడా ౨, ౩ నాకు ఒక్కలాగే కనిపిస్తున్నాయి, ఏదైనా గుర్తుందా?

లేఖరి అమలాపురం

అచ్చులో పక్కపక్కన పెట్టి చూడండి, ౩ కింద ఇంకో మెలిక ఎక్కువ ఉంటుంది. గొలుసుకట్టులో ఆ మెలిక చిన్నదైపోతుంది. అందుకే మొత్తం వేసి చూసుకోవాలి. కింద రాసిన మొత్తం మీ కూడికతో కలిస్తే చదివింది ఒప్పు.

పాలకొల్లు డీటీపీ

ఈ భిన్నాల గుర్తులు కంప్యూటర్లో లేవనుకునేవాణ్ణి. ఉన్నాయి. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో, 2008లో 5.1 వెర్షన్‌లో చేర్చారు. చూడండి: ౹ ౺ ౻ నిలువు గీతలు, ౼ ౽ ౾ అడ్డగీతలు, ౿ ధాన్యం కొలిచే తూముకి గుర్తు. నరసాపురం వారి మూడు వాటాలు ఇలా టైపు చేయొచ్చు: ౺౼, ౹, ౾. ఫోన్లో డబ్బాలు కనిపిస్తే ఫాంటు మార్చుకోండి.

ఇంకొకటి చెప్పాలి, మా వృత్తిలోది. కంప్యూటర్లో ఉంటే పదిలమని అందరూ అనుకుంటున్నారు. నా దగ్గర ఇరవై ఏళ్ల కిందట కంపోజ్ చేసిన పెళ్లి శుభలేఖలు, ఊరి గుడి చరిత్రలు, స్థానిక కవుల సంపుటాలు సీడీల్లో ఉన్నాయి. అప్పుడు అందరం అను ఫాంట్లలో కొట్టేవాళ్లం, యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తాయి, ఒక్క తెలుగు ముక్క ఉండదు. కొన్ని సీడీలు అసలు తెరుచుకోవట్లేదు. ఆ ముత్తాతగారి పుస్తకం 1950ది, తెరిస్తే చాలు కనిపిస్తోంది. నేను 2003లో కొట్టిన ఫైలు కనిపించట్లేదు. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ కొన్ని వత్తులు జారిపోతాయి, కూర్చుని దిద్దుకోవాలి. కాబట్టి గొలుసుకట్టు కాగితం చదివి టైపు చేసేవాళ్లు యూనికోడ్‌లోనే చేయండి, ఒక ప్రింటు కూడా తీసి అసలుతోపాటు పెట్టండి.

రాజమండ్రి పాళీ

కాగితం కూడా శాశ్వతం కాదు అన్నా. మనది నీళ్ల దేశం. 1986 వరదలో, 1996 నవంబరు తుఫానులో ఎన్ని ఇళ్ల కాగితాలు తడిసి ముద్దయ్యాయో లంకల్లో అడిగితే చెబుతారు. నేను ఇంకు పెన్ను మనిషిని, అయినా నిజం చెప్పాలి. మామూలు నీలం సిరా నీళ్లు తగిలితే కరిగి పారిపోతుంది. బాల్‌పెన్ను సిరా నూనెది, అంత తేలిగ్గా పోదు. తాటాకు సంగతి వేరు. గంటంతో గీసిన గీతలో మసి రాస్తారు, తడిసినా గీత ఉంటుంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలు ఉన్నాయి, పిల్లల్ని తీసుకెళ్లండి.

తడిసిన కాగితాలు ఎండలో పెట్టకండి, పెళుసెక్కిపోతాయి. నీడలో, ఫ్యాను గాలికి, పేజీకి పేజీకి మధ్య మామూలు తెల్ల కాగితం పెట్టి ఆరబెట్టండి. లామినేషన్ మాత్రం చేయించకండి. దయచేసి. మళ్లీ వెనక్కి తీయలేరు.

బీటెక్ కాకినాడ

నిన్నటి నుంచి ఈ చర్చంతా మళ్లీ మళ్లీ చదువుతున్నాను. నష్టమేంటని అడిగింది నేనే. నరసాపురం అక్క పేజీ చూశాక నాకు జవాబు దొరికింది. రాయడం గురించి నా అభిప్రాయం అలాగే ఉంది, నేను టైపే చేస్తాను. చదవడం మాత్రం వేరే సంగతి.

మా ప్రాజెక్టుకి ఒక ఆలోచన. గొలుసుకట్టుని గుర్తుపట్టే ప్రోగ్రాం రాయాలంటే ముందు మనిషి చదివి పెట్టిన పేజీలు కావాలి. పంక్తి ఫొటో, దాని ఎదురుగా టైపు చేసిన మాటలు. యంత్రం వాటిని చూసే నేర్చుకుంటుంది. అంటే చదవగలిగినవాళ్లు ఉండగానే చేయాలి. తర్వాత చేద్దామంటే యంత్రానికి నేర్పేవాళ్లే ఉండరు. ఇక్కడున్నవాళ్లు పేజీలు ఇస్తే టైపింగ్ పని మా స్నేహితులం చూసుకుంటాం. లేఖరిగారూ, మీరు దిద్దిపెడతారా?

లేఖరి అమలాపురం

తప్పకుండా దిద్దుతాను బాబూ. కళ్లు కాస్త మసకేసినా పెద్దది చేసి చూపిస్తే చదువుతాను. ఒక షరతు. దస్తావేజుల ఫొటోలు ఇలా అందరికీ కనిపించేలా పెట్టకండి. సర్వే నంబర్లు, పేర్లు, వేలిముద్రలు ఉంటాయి. తగాదాలు రేపేవాళ్లకి ఆధారాలు అందించినట్టవుతుంది. ఉత్తరాలు, వంటల చీటీలు, పద్దుల పుస్తకాలు చాలు. అందులోనూ పేర్ల మీద కాగితం ముక్క పెట్టి ఫొటో తీయండి.

మందుల షాపు భీమవరం

మా నాన్నగారి అరువు పద్దులు ఉన్నాయి, 1970ల నాటివి. ఖాతాదార్ల పేర్లు కప్పేసి పంపుతాను. ఆయన రాత మాత్రం ముత్యాల కోవే.

కొత్తపేట మాస్టారు

మా బడిలో శనివారం చివరి పీరియడు దీనికి అడిగాను, హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. రాయించను. ఎవరింట్లోంచి వాళ్లు ఒక పాత చేతిరాత కాగితం తేవాలి, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక పంక్తి చదువుకుని రావాలి. తెలుగైనా ఇంగ్లీషైనా సరే. పెద్దవాళ్లకీ రాకపోతే ఇక్కడ అడుగుతాం. లేఖరిగారి చెక్కుబందీ పద్ధతి బోర్డు మీద రాసి పెడుతున్నాను, మీ అనుమతి ఉందనుకుంటాను.

లేఖరి అమలాపురం

అనుమతి ఏమిటి మాస్టారూ, అందరిదీనూ. వీలైతే నేనే ఒక శనివారం వస్తాను.

నరసాపురం నుంచి

రెండో పేజీ నేనే చదివాను! పైన ౧౩౬౧, అంటే 1951. మొదటి పేరు పక్కన ఇప్పుడు రెండు నిలువు గీతలే ఉన్నాయి, అడ్డగీత లేదు. మూడో పేరు పక్కన మూడు అడ్డగీతల బదులు ఒక నిలువు గీత. రెండో పేరుకి మార్పు లేదు. అంటే అర, కాలు, కాలు. మొదటి ఆయన వాటాలోంచి వీసం మూడో ఆయనకి వెళ్లినట్టుంది. ఆ వరసలో చివర ఒక మాట ఉంది, "చె" స్పష్టంగా ఉంది, తర్వాత ఒక వత్తు కిందకి చాలా పొడుగ్గా లాగేశారు. దాని పక్కన ఒక సంతకం. ఏమిటండీ అది?

లేఖరి అమలాపురం

"చెల్లు" అయి ఉంటుందమ్మా. ల కింద ల వత్తుని అలా తోకలా లాగడం పద్దుల్లో మామూలే. వీసం వాటా తాలూకు సొమ్ము ముట్టిందని, బాకీ లేదని అర్థం. పక్కన ఉన్న సంతకం పుచ్చుకున్నాయనది, అంటే మొదటి పేరాయనది అవ్వాలి. మొదటి పేజీలో ఆయన సంతకం ఎక్కడైనా ఉంటే దీనితో పోల్చి చూడండి. వాటా మారింది కాబట్టి ఆ ఏడాది ఏదో కాగితం రాసుకునే ఉంటారు. రిజిస్టరు అయి ఉంటే 1950, 51 సంవత్సరాలకి మీ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించండి, నకలు దొరకొచ్చు. మూడో పేజీ కూడా పెట్టండి.